ఇంజనుకి మంచినీళ్ళు

ఆదివారం సాయంత్రం ఏడున్నర. ఇంటి ముందు ట్రైలరు మీద పడవ, పడవ వెనక ఇంజను, ఇంజను లోపల సముద్రం. మరీ సముద్రమంతా కాదులెండి, సందుగొందుల్లో చిక్కుకుపోయిన గిన్నెడు ఉప్పునీళ్ళు. వాటిని బయటికి పంపాలంటే మంచినీళ్ళు పెడుతూ ఇంజనుని ఓ పది నిమిషాలు నడపాలి. నడిపితే వీధి ఆ చివరిదాకా వినపడుతుంది. జర్మనీలో ఆదివారం పూట వీధి ఆ చివరిదాకా వినపడే పనేదీ చెయ్యకూడదు.

ఇది ఏ కాలనీ సంఘమో పెట్టుకున్న నియమం అనుకునేరు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా చట్టం కాపాడుతుందని 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాసుకున్నారు. రెండో యుద్ధం తర్వాత కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు 140వ అధికరణం పెట్టి ఆ పాత మాటని అలాగే లోపలికి తెచ్చుకున్నారు. అందుకని ఆదివారం నాడు గడ్డి కోసే మిషను బయటికి తీస్తే పక్కింటివాళ్ళు పోలీసులకి ఫోను చేసినా ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. గడ్డి సోమవారం దాకా ఆగుతుంది. మరి ఉప్పు ఆగుతుందా?

నవ్వుకోకండి. ఈ ప్రశ్నకి సరైన జవాబు తెలుసుకోడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. తెలిసీ తెలియకుండా మధ్యలో నేనిచ్చిన సలహా ఒకటి, ఏడువేల కిలోమీటర్ల అవతల ఒకళ్ళకి ఏ రకంగానూ పనికిరాలేదు. అసలు చెప్పదల్చుకున్నది అది. ముందు పడవ సంగతి.

మేముండేది కీల్ ఊళ్ళో. బాల్టిక్ సముద్రం పాయలా ఊరి మధ్యదాకా చొచ్చుకొచ్చే చోటు. పడవ సగం నాది, సగం మా పొరుగాయనది. ఆయనకి డెబ్భై దాటాయి. భార్య పోయాక, పడవని ఒక్కళ్ళూ నీళ్ళలోకి దించలేక, "సగం ఖర్చు పెట్టుకుంటావా?" అని కంచె మీంచి అడిగారు. మేమిద్దరం జర్మన్లో ఒకళ్ళనొకళ్ళు 'నువ్వు' అనే అనుకుంటాం. తెలుగులో రాయబోతే మాత్రం 'అడిగాడు' అనడానికి చెయ్యి కదలట్లేదు. పెద్దాయన అనే రాస్తాను.

అయిదు మీటర్ల ప్లాస్టిక్ పడవ, వెనక 15 హార్స్ పవర్ పెట్రోలు ఇంజను. ఆ 15 ఊరికే వచ్చిన అంకె కాదు. 2012 అక్టోబరు దాకా ఇక్కడ ఇంజను 5 హార్స్ పవర్ దాటితే పడవ నడిపేవాడికి లైసెన్సు ఉండాల్సిందే. ఆ తర్వాత హద్దుని 15కి పెంచారు, రైన్ నది ఒక్కదాన్ని మాత్రం పాత హద్దులోనే ఉంచి. అంటే పరీక్ష రాయని నాలాంటివాణ్ణి సముద్రం మీదికి పోనిచ్చే ఆఖరి మెట్టు ఆ 15. మా పడవ ఆ మెట్టు మీదే నిలబడి ఉంది.

ఇంజను పడవ లోపల ఉండదు, వెనక చెక్కకి బయట వేలాడుతుంది. అందుకే దాన్ని అవుట్‌బోర్డ్ అంటారు. స్కూటరు ఇంజను గాలికి చల్లబడుతుంది. కారు ఇంజను తనతో మోసుకెళ్ళే రేడియేటరు నీళ్ళతో చల్లబడుతుంది. దీనికి రేడియేటరు ఎందుకు, చుట్టూ ఉన్నవన్నీ నీళ్ళే కదా అనుకున్నారు కనిపెట్టినవాళ్ళు. పంకాకి పైన చిన్న జాలీ ఉంటుంది. దాని వెనక రబ్బరు రెక్కల పంపు. అది తిరుగుతూ సముద్రాన్ని గొట్టంలోంచి పైకి తోస్తుంది. ఆ నీళ్ళు సిలిండరు చుట్టూ సన్నటి దారుల్లో తిరిగి, వేడిని తీసుకుని, పొగతో పాటు కిందికి దిగిపోతాయి. అందులో కొంచెం ఇంజను పక్కనుంచి సన్నటి ధారగా బయటికి చిమ్ముతుంది. నీళ్ళు తిరుగుతున్నాయా లేదా అని నడిపేవాడికి తెలియడానికి అదొక్కటే గుర్తు. జర్మన్లు దాన్ని కాంట్రోల్‌ష్ట్రాల్ అంటారు. పెద్దాయన పడవెక్కగానే ముందు చూసేది దాన్నే. మనవాళ్ళు పసిపిల్లలకి ఒంటేలు సరిగా వస్తోందా అని చూసుకున్నట్టు.

దారిలో ఒక తలుపు కూడా ఉంది, థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకునే ఉంటుంది. దాదాపు 50, 60 డిగ్రీలకి చేరాకే తెరుచుకుంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇంజను వేడెక్కకుండా రెండు నిమిషాలు నీళ్ళు పోసి 'కడిగేశాం' అనుకుంటే, ఆ తలుపు వెనక గదులకి మంచినీళ్ళు సరిగా చేరవు. పది నిమిషాలు నడపాలనేది అందుకే.

మొదటి రెండేళ్ళూ ఇదంతా నాకు చాదస్తంలా కనిపించింది. పైగా కీల్ రేవులో ఎవరి మాట వారిది. ఎందుకంటే బాల్టిక్ అసలు సిసలు సముద్రం కాదు. మహాసముద్రాల్లో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, కీల్ దగ్గర అందులో సగం కూడా ఉండదు. తూర్పుగా ర్యూగెన్ ద్వీపం దాకా పోతే ఏడెనిమిది గ్రాములే. ఇంకా ఉత్తరాన ఫిన్లాండ్, స్వీడన్‌ల మధ్య చివరికి పోతే ఆ నీళ్ళతో రసం పెట్టుకుంటే కాస్త ఉప్పు తక్కువైందంటారు. ఓడలకి పట్టే పురుగు కూడా అంత చప్ప నీళ్ళలో బతకదు. 1628లో స్టాక్‌హోమ్‌లో మునిగిన వాసా ఓడ 1961లో పైకి తీసేటప్పటికి చెక్క చెక్కలా ఉందంటే అదొక కారణం. మంచినీళ్ళు పురుగుని చంపుతాయని పాత నావికులకి తెలుసు. వీలైతే ఓడని కొన్నాళ్ళు నదిలో కట్టేసి ఉంచేవారు. అంటే ఉప్పునీళ్ళలోంచి వచ్చినదాన్ని మంచినీళ్ళలో నానబెట్టడం ఇంజన్లు పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటే.

కాబట్టి రేవులో సగం మంది "బాల్టిక్కే కదా, అక్కర్లేదు" అంటారు. మిగతా సగం మంది వాళ్ళని చూసి తల అడ్డంగా ఊపుతారు. పెద్దాయన తల ఊపే జట్టు. చిత్రమేమిటంటే ఆయన పడవ నేర్చుకున్నది ఉప్పే లేని చోట, తూర్పు జర్మనీ రోజుల్లో, ష్వెరీన్ చెరువులో, ట్యూమ్లర్ అనే అక్కడి ఇంజనుతో. ట్యూమ్లర్ అంటే డాల్ఫిన్ జాతి జీవి. "ఆ డాల్ఫిన్ ఉప్పు ఎరగదు" అని నవ్వుతారు. అప్పట్లో వాళ్ళ ప్రభుత్వం జనం దేశం దాటి పారిపోతారని సముద్రం మీదికి పడవల్ని అంత తేలిగ్గా పోనిచ్చేది కాదు. గోడ కూలాక ఇటువచ్చి, ఉప్పునీళ్ళలో మొదటి ఇంజనుని రెండేళ్ళలో పాడుచేసుకున్నారట. ఆ కథ ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నాకు బుద్ధొచ్చింది మాత్రం బ్యూసుమ్ వెళ్ళొచ్చాక. అది అటువైపు, ఉత్తర సముద్రం మీది ఊరు. అక్కడ ఉప్పు కీల్‌కి రెట్టింపు. రెండ్రోజులు తిరిగి, అలసిపోయి వచ్చి, పడవని అలాగే వదిలేసి నేను పదిహేను రోజులు ఇండియా వెళ్ళాను. పెద్దాయన మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉన్నారు. తిరిగొచ్చి ఇంజను పెడితే ధార రాలేదు. ఒక్క చుక్క. ఆపేశాను. పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి, సన్నటి తీగతో ఆ రంధ్రంలో పొడిస్తే తెల్లటి పలుకు ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. "రుచి చూడు" అన్నారు. చూశాను. మన ఇంటి ఉప్పే, కాస్త చేదు.

అప్పుడు చెప్పారు. నడుస్తున్నంతసేపూ సముద్రం ఇంజనుకి పెద్దగా హాని చెయ్యదు. కొత్త నీళ్ళు వస్తుంటాయి, పాతవి పోతుంటాయి. ఆపాకే అసలు కథ. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. రేపు మళ్ళీ కొంచెం నీళ్ళు, మళ్ళీ కొంచెం ఉప్పు. వేడి గోడల మీద సున్నం పొర కూడా కడుతుంది. కాఫీ గిన్నెలో కట్టినట్టే. సన్నటి దారులు ఇంకా సన్నబడతాయి. థర్మోస్టాట్ తలుపు బిగుసుకుపోతుంది. మరో పక్కనుంచి ఉప్పు అల్యూమినియం మీద పని మొదలెడుతుంది. ఆ లోహాన్ని కాపాడే పల్చటి పొరని అక్కడక్కడ చీల్చి, సూదితో గుచ్చినట్టు లోపలికి తవ్వుకుంటూ పోతుంది. పైకి ఏమీ కనిపించదు.

ఇంకో మాట ఆయనకన్నా మనకే బాగా తెలుస్తుంది. వర్షాకాలంలో ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారుతుంది చూశారా? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరగడం మొదలెడుతుంది. కాబట్టి సముద్రం ఒడ్డున ఇంజను లోపలి ఉప్పు పూర్తిగా ఆరి ఊరుకోదు. రాత్రి తడుస్తుంది, పగలు ఆరుతుంది, తడిసినప్పుడల్లా తింటుంది. పడవ ఒడ్డున నిద్రపోతున్నా దాని ఇంజనుని సముద్రం తింటూనే ఉంటుంది.

ఇంజను కింద తగిలించే ఓ లోహపు ముక్క ఉంటుంది. అసలు ఇంజను బదులు అది తినబడాలని. దాన్ని జర్మన్లో ఓప్ఫర్ ఆనోడె అంటారు, బలి ఆనోడు. సముద్రానికి జింకు, బాల్టిక్ లాంటి చప్ప నీళ్ళకి అల్యూమినియం, చెరువులకి మెగ్నీషియం. అమ్మవారికి కోడి బదులు గుమ్మడికాయ కొట్టినట్టు. కానీ ఈ గుమ్మడికాయ బయటనుంచే కాపాడుతుంది, లోపలి దారుల్లో మిగిలిన ఉప్పుని అది కడగదు. దానికి నీళ్ళే గతి.

నీళ్ళు పెట్టడానికి పద్ధతులున్నాయి. ఒకటి ష్పూల్‌ఓరెన్, అంటే కడిగే చెవులు. రెండు రబ్బరు గిన్నెలు, చలికి చెవులకి పెట్టుకునే తొడుగుల్లా ఉంటాయి. వాటిని జాలీ మీద రెండు పక్కలా బిగించి, తోట గొట్టం తగిలించి, కుళాయి తిప్పి, ఇంజనుని గేరు లేకుండా మెల్లగా నడపాలి. పెద్దాయన నాకు మంత్రం లాగా వల్లె వేయించారు: ఎర్స్ట్ వాసర్, డాన్ మోటోర్. ముందు నీళ్ళు, తర్వాత ఇంజను. ఆపేటప్పుడు తిరగేసి, ముందు ఇంజను, తర్వాత నీళ్ళు. పొడిగా తిరిగితే పంపు రబ్బరు రెక్కలు చూస్తుండగానే కాలిపోతాయి. కొన్ని ఇంజన్లకి పక్కనే గొట్టం తగిలించుకునే మూతి ఉంటుంది. వాటిలో చాలావాటికి ఇంజను ఆపేసే నీళ్ళు పెట్టాలి. వాళ్ళకి ఆదివారం గొడవ లేదు. మా ఇంజనుకి ఆ భాగ్యం లేదు.

రెండో పద్ధతి పీపా. ఇక్కడ ప్రతి పెరట్లోనూ వాననీళ్ళు పట్టుకునే పీపా ఉంటుంది. అలాంటి పీపాలో ఇంజను కింది భాగం ముంచి నడపడమే. పెద్దాయన మొదట్నించీ అదే చేసేవారు. నేనొచ్చాక, ఇదేం మొరటు పని అని చెవులు కొనిపించాను. నీలం రంగు పీపా గరాజులో ఓ మూలకి పోయింది. మా తెలివితేటల్లో ఇదొకటి.

మధ్యలో ఓ పిట్టకథ. కిందటేడాది దక్షిణాన బోడెన్‌జే వెళ్ళాం, అదే కాన్‌స్టన్స్ సరస్సు. పడవ దింపే వాలు పక్కన బోర్డు ఉంది. వేరే నీళ్ళలోంచి వచ్చిన పడవల్ని, ఇంజను లోపలి నీళ్ళతో సహా కడిగి ఆరబెట్టి గాని ఇందులో దించకండి అని. నల్ల సముద్రం వైపు నదుల్లో పుట్టిన క్వాగా అనే ఆల్చిప్ప 2016లో ఆ సరస్సులో బయటపడింది. దాని పిల్లలు కంటికి కనపడవు. ఇంజనులో మిగిలిన గుక్కెడు నీళ్ళలో దాక్కుని సరస్సు నుంచి సరస్సుకి ప్రయాణం చేస్తాయి. ఆ సరస్సు నీళ్ళే సుమారు నలభై లక్షల మంది తాగుతున్నారు. ఆల్చిప్పలు ఆ గొట్టాల్లో గుంపులుగా అతుక్కుంటున్నాయి. కీల్‌లో నీళ్ళనించి ఇంజనుని కాపాడటానికి కడుగుతాం. అక్కడ ఇంజను నుంచి నీళ్ళని కాపాడటానికి కడుగుతారు. చేసే పని ఒకటే.

ఇప్పుడు భీమిలి.

మా నాన్న భీమిలి పోస్టాఫీసులో ఆరేళ్ళు పనిచేశారు. హైస్కూల్లో నా పక్క బెంచీవాడు జాలరిపేట కుర్రాడు. ఇప్పటికీ నెలకోసారి వీడియోలో మాట్లాడుకుంటాం. వాడికో ఫైబర్ పడవ ఉంది. దాని ఇంజను మా కీల్ ఇంజను లాంటిది కాదు. పొడుగాటి ఇనప కడ్డీ, ఆ చివర పంకా, ఈ చివర పడవలో డీజిలు ఇంజను. చప్పుడు మైలు దూరం వినపడుతుంది. మా వైపు నేను చూసినవి ఎక్కువగా ఇవే. గాలికి చల్లబడే రకం. దాని కడుపులోకి సముద్రం వెళ్ళదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం అని ఒకటి మొదలుపెట్టి, కెరటాల్లోంచి ఒడ్డుకి లాక్కునే పడవల మీద, చిన్న డీజిలు ఇంజన్ల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసింది. ఆ రిపోర్టులు ఎవరు చదివినా చదవకపోయినా, ఒడ్డున ఉన్నవాడు మాత్రం ఉప్పు లోపలికి పోని ఇంజనే మేలని తేల్చుకున్నాడు. అది మొరటుతనం అనుకునేవాణ్ణి. తెలివి.

వాడి బావమరిది తేల్చుకోలేదు. కుర్రాడు, వేగం కావాలి. అందరికన్నా ముందు వేటకి పోవాలి, అందరికన్నా ముందు చేప ఒడ్డుకి చేరాలి. అప్పుచేసి పెట్రోలు అవుట్‌బోర్డ్ కొన్నాడు. నీళ్ళతో చల్లబడే రకం, మాలాంటిదే. నాకు ఫొటో పంపిస్తే నేను ఉబ్బిపోయి పెద్దాయన మంత్రమంతా అప్పజెప్పాను. చెవుల ఫొటో పంపాను. "వేట నుంచి రాగానే కుళాయికి తగిలించి పది నిమిషాలు వదిలెయ్యండి, అంతే" అన్నాను.

ఆ సంవత్సరం ఏప్రిల్ 14 రాత్రి అందరిలాగే వాడూ పడవని ఒడ్డుకి ఎక్కించాడు. 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజను విప్పి ఇంటి వసారాలో గోనెపట్టా కప్పి పెట్టాడు. కడగలేదు. జూన్ 15 తెల్లవారుజామున అందరికన్నా ముందు వెళ్ళాడు. ధార రావట్లేదని చీకట్లో చూసుకోలేదు. ఇరవై నిమిషాలకి ఇంజను పట్టేసింది. ఇంకో పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. విప్పిన మెకానిక్ థర్మోస్టాట్‌ని చేతిలో పెట్టి చూపించాడట, తెల్లగా పటికబెల్లం ముక్కలా ఉందట. బాగుచేయించాలంటే కొత్త ఇంజను వెలలో సగం. అప్పు ఇంకా పూర్తిగా అలాగే ఉంది. సీజన్ మొదటి రోజు.

"నేను చెప్పాను కదరా" అన్నాను ఫోనులో. అనకూడని మాటలు కొన్ని నోటి చివరే ఉంటాయి.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒరే, కుళాయి పది నిమిషాలు ఒగ్గీమన్నావు. మా ఈది కుళాయి రోజు మార్చి రోజొస్తది, వస్తే అరగంట. అందులో పది నిమిషాలు ఇంజనుకెడితే మా ఈదోళ్ళు ఊరుకుంతారేట్రా? మా ఆడది తాగే నీల్ల బిందె అడ్డం పెట్టీసింది. ఎవులు తప్పంతావు సెప్పు."

ఫోను పెట్టేశాక లెక్క వేశాను. తోట గొట్టంలోంచి నిమిషానికి తక్కువలో తక్కువ పది లీటర్లు వస్తాయి. పది నిమిషాలకి వంద. జర్మనీలో మనిషి రోజు మొత్తం మీద ఇంట్లో వాడుకునేవి, స్నానం, వంట, బట్టలు, పాయిఖానా అన్నీ కలిపి, 125 లీటర్ల దాకా. అంటే పడవ షికారుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ నేను ఒక మనిషి రోజువారీ నీళ్ళని కాలవలోకి వదులుతున్నాను. దాన్నే 'అంతే' అన్నాను.

ఈ సంగతి పెద్దాయనకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. లేచి, కర్ర పట్టుకుని గరాజులోకి వెళ్ళారు. లోపల్నుంచి డబడబమని చప్పుడు. వెళ్ళి చూస్తే ఆ నీలం పీపా మీద కర్రతో కొడుతున్నారు.

ఆ రాత్రి ఇద్దరం కవరు వెనకాల లెక్క కట్టాం. ఇంజను నీళ్ళలోంచి బయటికి వచ్చి నిలువుగా ఉంటే లోపలి నీళ్ళు చాలావరకు వాటంతటవే కారిపోతాయి. మిగిలేది లీటరు అనుకుందాం, అది కూడా ఎక్కువే. అందులో ఉప్పు 35 గ్రాములు. వంద లీటర్ల పీపాలో ఇంజనుని నడిపితే ఆ నీళ్ళే తిరిగి తిరిగి లోపలికి పోతాయి, బయటికి వస్తాయి. చివరికి పీపాలో లీటరుకి ఉప్పు 0.35 గ్రాములు. సముద్రంలో నూరో వంతు. అదే పీపాలో రెండో పడవ ఇంజను, మూడోది, నాలుగోది. పది ఇంజన్లు కడిగాక కూడా లీటరుకి 3.5 గ్రాములు. సముద్రంలో పదో వంతు. చెవుల పద్ధతిలో ఒక్క ఇంజనుకి పట్టే నీళ్ళు పీపాలో పదింటికి సరిపోతాయి.

పైగా అవి తాగే నీళ్ళు కానక్కర్లేదు. ఇక్కడే నేను మొదట్నించీ పొరపాటు పడ్డాను. 'మంచినీళ్ళు' అన్న మాట మనకి తాగే నీళ్ళనే అర్థంతో వస్తుంది. ఇంజనుకి కావలసింది సముద్రం కాని నీళ్ళు, అంతవరకే. మావాణ్ణి అడిగితే పేటలో ఒక బోరింగు ఉందన్నాడు. దాని నీళ్ళతో పప్పుడకదు, సబ్బు నురగ రాదు, అందుకని ఎవరూ పట్టుకోరు. సున్నం అంటే జర్మన్లకి పెద్ద భయం, పెద్దాయన కాసేపు గొణిగారు. కానీ సముద్రపు నీళ్ళ కాఠిన్యం ముందు ఇళ్ళల్లో వాడుకునే ఏ బోరు నీళ్ళూ లెక్కలోకి రావు. ఒప్పుకున్నారు.

జాగ్రత్తలు కొన్ని రాసి పంపాం. పీపాలో నీళ్ళు పంపుకి పైదాకా ఉండాలి. జాలీ మునిగితే చాలదు, ఎందుకంటే పొగ కూడా ఆ నీళ్ళలోంచే వస్తుంది, నీళ్ళు తుళ్ళిపోయి మట్టం పడిపోతుంది. గేరు వెయ్యకూడదు. వీలైతే పంకా విప్పెయ్యాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. ఆరుబయట చెయ్యాలి, పొగ ఇంట్లో చేరితే ప్రాణం మీదికొస్తుంది. అయ్యాక ఇంజనుని పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచి నీళ్ళు కారనివ్వాలి. ఇక్కడైతే అది చలికాలం గడ్డకట్టి పగలకుండా, అక్కడ తుప్పు పట్టకుండా.

ఒక్కటి మాత్రం మాకు సరిగా తేలలేదు, వాడిన నీళ్ళు ఏం చెయ్యాలని. పైన నూనె తెట్టు కడుతుంది. ఇక్కడ అవి మట్టిలో పొయ్యడం నేరం. రేవులో పడవలు కడిగే గట్టు ఉంది, అక్కడ జాలీలోకి పోతే వడకట్టే తొట్టి ఉంటుంది. పేటలో ఏముంటుంది? ఇసక. మావాడు "మీ ఓడలు పారబోసే నూనె ముందు ఇదేటి?" అన్నాడు. జవాబు కాదది, కానీ తిరిగి ఏమనాలో నాకూ తోచలేదు. తెట్టుని గుడ్డతో తీసి వేరే డబ్బాలో పెట్టమన్నారు పెద్దాయన. తీస్తున్నారో లేదో నేను అడగలేదు.

మొదట అడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఈ గొడవలోనే దొరికింది. ఉప్పు సోమవారం దాకా ఆగుతుంది. ఒక్క రాత్రికి కొంపలేం మునగవు. జూన్ 15 దాకా మాత్రం ఆగదు. అందుకని మేము ఆదివారాలు కంగారు పడటం మానేశాం. సోమవారం ఆఫీసు నుంచి రాగానే, ఎనిమిది లోపల, వాననీళ్ళ పీపాలో. చెవులు ఇప్పుడు గరాజు మూలన ఉన్నాయి.

బావమరిది ఇంజను బాగుపడింది. అప్పు ఇంకో రెండేళ్ళు పెరిగింది. వేగం తగ్గించాడా అంటే, లేదు.

ఈ ఏడాది ఏప్రిల్ 14 సాయంత్రం మావాడు వీడియో పంపాడు. పేట చివర బోరింగు పక్కన నీలం డ్రమ్ము, దాని అంచుకి అడ్డంగా చెక్క బిగించి ఇంజను వేలాడదీశారు. చుట్టూ నలుగురైదుగురు కుర్రాళ్ళు, వెనక ఇసకలో వరసగా ఇంకా ఇంజన్లు. డ్రమ్ము మీద సుద్దతో గీతలు గీస్తున్నారు, ఏ నీళ్ళలో ఎన్ని ఇంజన్లు అయ్యాయో. నేను లెక్కపెడితే ఆరు. వాళ్ళావిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని అటుగా పోతూ ఆగి చూసింది, ఏదో అంది, కుర్రాళ్ళంతా నవ్వారు. చప్పుడులో నాకు వినపడలేదు.

వీడియోని పెద్దాయనకి చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశారు.

"ధార బాగుంది" అన్నారు. మళ్ళీ చూసి, "పంకా ఎందుకు విప్పలేదు?" అన్నారు.

అదే టైపు చేసి పంపాను. వెంటనే జవాబొచ్చింది: "రేప్నుంచి రెండ్నెల్లు కాళీయే కదా. విప్పుతాం. ముసలాయనకి నమస్కారం సెప్పు."